ఈ పదేళ్ళ బెస్టు ప్లేయరు ఎవరు? (వార్నర్ మాత్రం కాదు మహాప్రభో!)

మొన్న శుక్రవారం మా ఆఫీసులో రిలీజు వాయిదా పడింది. పని లేని ఇంజనీర్లు ఏం చేస్తారో మీకు తెలియంది కాదు. మా టీములో ఒకడు ఎక్సెల్ షీటు తెరిచి, దానికి "మన తెలుగువాళ్ళ బెస్ట్ ఆఫ్ ది డికేడ్, 2016 - 2025" అని పేరు పెట్టి అందరికీ లింకు పంపాడు. మూడు ట్యాబులు. టీము, ప్లేయరు, కోచ్. మనిషికి ఒక్కో ట్యాబులో ఒక్క ఓటు. పేరు ఎవరైనా చేర్చొచ్చు.

మా టీములో మొత్తం పన్నెండు మందిమి. అందులో తెలుగువాళ్ళం ఎనిమిది మంది, ఆ ఎనిమిదిలో ఐదుగురం కృష్ణా, గుంటూరు వాళ్ళమే. టీ తాగొచ్చి చూస్తే షీటు ఇలా ఉంది. టీము: సన్‌రైజర్స్, సన్‌రైజర్స్, సన్‌రైజర్స్. కోచ్: టామ్ మూడీ, గోపీచంద్. ప్లేయరు: డేవిడ్ వార్నర్, సింధు, సిరాజ్. ఎవరో పుణ్యాత్ముడు నిఖత్ జరీన్ పేరు కూడా రాశాడు.

వెన్నం జ్యోతి సురేఖ పేరు లేదు. కోనేరు హంపి పేరు కూడా లేదు.

సరే మర్చిపోయారేమో అని నేనే రెండు వరుసలు చేర్చా. రెండు నిమిషాలు కాలేదు, వెనక సీట్లోంచి ప్రశ్న: "ఎవర్రా ఈ సురేఖ?" అడిగినవాడిది ఏ బీహారో ఒరిస్సానో అయితే ఈ టపా రాసేవాడినే కాదు. వాడిది కానూరు! విజయవాడ కానూరు! విజయవాడలో పుట్టి పెరిగిన అమ్మాయిని కానూరు వాడు ఎవరని అడుగుతున్నాడు. నాకు ఎక్కడో కాలింది. ఆ రోజు సోమవారం ప్రజెంటేషన్ కూడా పక్కన పెట్టి గంటన్నర వాదించా. అక్కడ గొంతు పెద్దగా ఉన్నవాడు గెలిచాడు. ఇక్కడ గొంతు నాది కాబట్టి మొదట్నించీ మొదలెడతా :)

ముందు టీము సంగతి తేల్చేద్దాం, ఇది తేలిక. 2016 మే 29న బెంగుళూరులో సన్‌రైజర్స్ 208 కొట్టి 8 పరుగులతో కప్పు ఎత్తిన మాట నిజం. ఆ రాత్రి హాస్టల్ డాబా మీద నేనూ గంతులేశా, అబద్ధమెందుకు. కానీ ఆ ఫైనల్లో ఆడిన పదకొండు మంది పేర్లూ ఒకసారి చదవండి. వార్నర్, ధావన్, హెన్రిక్స్, యువరాజ్, హుడా, కటింగ్, ఓఝా, బిపుల్ శర్మ, భువనేశ్వర్, శ్రాన్, ముస్తాఫిజుర్. మన రెండు రాష్ట్రాల్లోంచి ఒక్కడు చెప్పండి చూద్దాం. జెర్సీ మీద ఊరి పేరుంటే మనవాళ్ళయిపోతారా? మా ఆఫీసు బిల్డింగుకి పువ్వు పేరు పెట్టారు, అంతమాత్రాన అందులో మల్లెలు పూస్తున్నాయా?

అదే 2022 మే 15న బ్యాంకాక్‌లో థామస్ కప్పు. బ్యాడ్మింటన్లో మగవాళ్ళ జట్లకి ప్రపంచకప్పు లాంటిది. ఫైనల్లో ఇండోనేషియా మీద 3-0. లక్ష్య సేన్ గెలిచాక రెండో మ్యాచి డబుల్స్, చిరాగ్ పక్కన మన అమలాపురం సాత్విక్. మూడో మ్యాచి మన గుంటూరు శ్రీకాంత్. కప్పు ఖాయం చేసిన ఆఖరి పాయింటు వాడిదే. ఆ టోర్నీ మొత్తంలో శ్రీకాంత్ ఒక్క మ్యాచి కూడా ఓడలేదు. దీన్ని పక్కన పెట్టి సన్‌రైజర్స్‌కి ఓటేసేవాళ్ళతో నాకు వాదన అనవసరం. (తెలుగు టైటాన్స్ అంటారా... పేరులోనే తెలుగు ఉంది, పన్నెండు సీజన్లయినా కప్పు లేదు. నేనూ అభిమానినే. ఇంతకంటే చెప్పించకండి.)

కోచ్ విషయం కూడా రెండు ముక్కల్లో అవగొట్టేస్తా. గోపీచంద్. 2019లో సింధు ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు పక్కన ఉన్న కొరియా ఆవిడ కిమ్ జి హ్యున్‌కి దక్కాల్సింది ఆవిడకి ఇచ్చేసినా సరే, మళ్ళీ గోపీచందే.

ఇక అసలు గొడవ, ప్లేయరు.

మావాడి వాదన ఏంటంటే, "సురేఖ గొప్పదే కావొచ్చు బాస్, కానీ ఒలింపిక్ మెడల్ ఏది?" ఈ ఒక్క వాక్యంతో వాళ్ళు గెలిచామనుకుంటున్నారు. నేను తిరిగి ఒకటి అడిగా. "ఆ అమ్మాయి ఆడే ఆట ఒలింపిక్స్‌లో ఉందా?" నిశ్శబ్దం.

విలువిద్యలో రెండు రకాల విల్లులు. ఒలింపిక్స్‌లో కనిపించేది రికర్వ్. దీపికా కుమారి పట్టుకునేది అదే. సురేఖది కాంపౌండ్. చివర్లలో కప్పీల్లాంటి చక్రాలుంటాయి, గురి చూసేందుకు చిన్న భూతద్దం, వదలడానికి చేతిలో ట్రిగ్గరు. 1995 నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్పుల్లో ఉంది, 2014 నుంచి ఆసియా క్రీడల్లో ఉంది. ఈ పదేళ్ళలో జరిగిన ఏ ఒలింపిక్స్‌లోనూ లేదు. అంటే రియో, టోక్యో, పారిస్ మూడింట్లోనూ ఆ అమ్మాయి ఓడిపోలేదు, అసలు ఆడే వీలే లేదు. మీ ప్రోగ్రాముకి ఒక ఇన్‌పుట్ ఇవ్వనే ఇవ్వలేదు, అవుట్‌పుట్ సున్నా వచ్చింది అని బగ్ రిపోర్టు రాస్తే మీరు ఊరుకుంటారా?

"భూతద్దం, ట్రిగ్గరు ఉంటే నేనూ కొడతా" అన్నాడు ఇంకొకడు. కొట్టు నాయనా. యాభై మీటర్ల దూరం. పదిపాయింట్ల చుట్టు ఎనిమిది సెంటీమీటర్లు, అంటే బత్తాయికాయంత. మ్యాచికి పదిహేను బాణాలు, మొత్తం 150. విల్లు అందరికీ సాయం చేస్తుంది కాబట్టే తప్పుకి చోటు లేదు. రికర్వ్‌లో సెట్లుంటాయి, ఒక సెట్టు చెడిపోతే మర్చిపోయి మళ్ళీ మొదలెట్టొచ్చు. కాంపౌండ్లో మొదటి బాణానికి పోయిన ఒక్క పాయింటు పదిహేనో బాణం దాకా మీతోనే ఉంటుంది. 2023 ఏప్రిల్లో టర్కీలోని అంటాల్యాలో క్వాలిఫికేషన్ రౌండులో సురేఖ 72 బాణాలకి 713 కొట్టి, కొలంబియా సారా లోపెజ్ పేరున్న ప్రపంచ రికార్డుని సమం చేసింది. 720కి 713. శాతంలో చెప్పాలంటే 99 పైనే. మన టెస్ట్ ఎన్విరాన్‌మెంటు వారంలో అంతసేపు పనిచేస్తే కేకు కోస్తాం.

ఇప్పుడు పదేళ్ళ లెక్క. ప్రపంచ ఛాంపియన్‌షిప్పులు రెండేళ్ళకోసారి జరుగుతాయి. 2017లో జట్టు వెండి. 2019లో రెండు కంచులు, ఒకటి తన సొంతది, ఒకటి జట్టుది. 2021లో అమెరికాలో మూడు వెండి. సొంత ఫైనల్లో సారా లోపెజ్ చేతిలో 146-144తో, అంటే రెండే పాయింట్లతో పోయింది. 2023లో బెర్లిన్లో పర్ణీత్ కౌర్, అదితి స్వామితో కలిసి మెక్సికో మీద 235-229తో బంగారం. ఏ విల్లుతోనైనా సరే, ప్రపంచ ఛాంపియన్‌షిప్పుల్లో భారతదేశానికి అదే మొట్టమొదటి స్వర్ణం! 2025లో కొరియాలో మిక్స్‌డ్ జట్టుతో వెండి. వరసగా ఐదు ప్రపంచ ఛాంపియన్‌షిప్పులు, ఒక్కసారి కూడా ఖాళీ చేతుల్తో రాలేదు. మీ షీటులో ఇలాంటి వరుస ఇంకెవరికైనా ఉంటే చూపించండి, ఈ టపా పీకేస్తా.

బెర్లిన్ సంగతే ఇంకొంచెం చెప్పాలి, నాకు పతకాల కంటే అదే ఇష్టం. జట్టు బంగారం వచ్చిన మర్నాడు సొంత పోటీ. సెమీస్‌లో ఎదురొచ్చింది ఎవరు? ముందురోజు పక్కన నిలబడి బాణాలేసిన అదితి. పదిహేడేళ్ళ పిల్ల. 149-145తో సురేఖ ఓడిపోయింది. అన్నేళ్ళ అనుభవం ఉండి చిన్నపిల్ల చేతిలో, అదీ సొంత జట్టు పిల్ల చేతిలో ఓడితే మనమైతే ఏం చేస్తాం? అప్రైజల్లో జూనియర్‌కి మనకంటే మంచి రేటింగ్ వస్తే మూడు రోజులు క్యాంటీన్‌కి కూడా వెళ్ళం. సురేఖ వెళ్ళి కంచు పతకం మ్యాచి ఆడింది. పదిహేను బాణాలకి పదిహేను పదులు. 150కి 150. రెండు నెలల తర్వాత హాంగ్‌జౌ ఆసియా క్రీడల సెమీస్‌లో మళ్ళీ అదితే ఎదురైంది. ఈసారి సురేఖ గెలిచింది.

ఆ హాంగ్‌జౌలో ఏమైందో కూడా తెలియకపోతే ఎలా? 2023 అక్టోబరు 4న ఓజస్ దేవ్‌తలేతో మిక్స్‌డ్ బంగారం, కొరియా మీద 159-158. ఒక్క పాయింటు. 5న జట్టు బంగారం, చైనీస్ తైపీ మీద 230-229. మళ్ళీ ఒక్క పాయింటు. 7న సొంత బంగారం, కొరియా అమ్మాయి సో చేవన్ మీద 149-145. నాలుగు రోజుల్లో మూడు బంగారాలు. ఆ క్రీడల్లో దేశం మొత్తానికి వచ్చినవి 28.

ఆ 5వ తారీఖు నాకు బాగా గుర్తు. క్రికెట్ ప్రపంచకప్పు మొదలైన రోజు. అహ్మదాబాదులో ఇంగ్లండుకీ న్యూజిలాండుకీ మ్యాచి. మన దేశం ఆడట్లేదు కూడా! మా ఆఫీసు కేఫెటేరియాలో పెద్ద టీవీ ముందు నిలబడ్డానికి చోటు లేదు. నేను ఫోన్లో స్కోరు చూసుకుని "మన విజయవాడ అమ్మాయి రెండో బంగారం కొట్టింది" అన్నా. పక్కనున్నాయన "ఓ, సూపర్" అని మళ్ళీ కాన్వే బ్యాటింగులో పడిపోయాడు. ఆ ఏడాది ఖేల్‌రత్న సాత్విక్‌కీ చిరాగ్‌కీ ఇచ్చారు. వాళ్ళు అర్హులే, సాత్విక్ మనవాడే, సంతోషం. మూడు బంగారాలు తెచ్చిన మనిషికి మాత్రం 2017 నాటి అర్జునతోనే సరి.

ఇక సింధు. ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి, లేకపోతే మా అమ్మే నన్ను ఇంట్లోకి రానివ్వదు. 2016 ఆగస్టు, కృష్ణా పుష్కరాల రోజులు. రియో నుంచి వెండితో వచ్చిన సింధుని గన్నవరం నుంచి ఊరేగింపుగా తీసుకొస్తుంటే రోడ్డు పక్కన ఎండలో నిలబడ్డవాళ్ళలో నేనూ ఉన్నా. 2019లో ఒకుహరాని 21-7, 21-7తో ఉతికిన ఫైనల్ ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. బ్యాడ్మింటన్లో పోటీ కాంపౌండ్ కంటే ఎక్కువ, ఆడే దేశాలెక్కువ, డబ్బులెక్కువ. ఈ ఒక్క పాయింటు దగ్గర నేను తగ్గుతా. ఒక్క రోజు, ఒక్క మ్యాచి ఎంత ఎత్తు అని అడిగితే సింధుకే ఓటు. కానీ షీటు పేరు "బెస్ట్ ఆఫ్ ది డికేడ్" కదా? డికేడ్ అంటే పదేళ్ళు. టోక్యో కంచు 2021. 2022లో కామన్‌వెల్త్ బంగారం. ఆ తర్వాత మూడేళ్ళు ఆ స్థాయి కనపడలేదు. సురేఖకి అప్పుడే పెద్ద రోజులొచ్చాయి: 2024లో షాంఘై వరల్డ్ కప్పులో మూడు బంగారాలు, 2025 అక్టోబరులో నాంజింగ్ వరల్డ్ కప్ ఫైనల్లో కంచు, అదీ మళ్ళీ 150కి 150 కొట్టి. మన దేశపు ఆడ కాంపౌండ్ ఆర్చర్లలో ఆ ఫైనల్లో పతకం పట్టిన మొదటి మనిషి.

నా షీటులో రెండో స్థానం హంపిది. గుడివాడలో పుట్టిన పిల్ల. కూతురికి నేర్పడానికని వాళ్ళ నాన్న అశోక్‌గారు కెమిస్ట్రీ పాఠాలు చెప్పే ఉద్యోగం మానేశారు. మన డెల్టాలో కెమిస్ట్రీ లెక్చరర్ ఉద్యోగం మానేసిన మనిషిని ఇంకొకర్ని చూపించండి! హంపి పాపని కన్నాక రెండేళ్ళు ఆటకి దూరంగా ఉండి, తిరిగొచ్చి 2019లో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయింది. 2024 డిసెంబరులో న్యూయార్కులో మొదటి రౌండే ఓడిపోయి, అక్కణ్ణించి 11కి 8.5తో మళ్ళీ ఛాంపియన్. 37 ఏళ్ళ వయసులో. "చెస్ ఆటేంట్రా, చెమట పట్టదు కదా" అంటారా? మన ఉద్యోగాలూ అంతేగా, జీతం తీసుకోవట్లేదూ?

గమనించారా, ఈ డెల్టాలో పుట్టి ఇన్నేళ్ళు ప్రపంచంలో మొదటి వరసలో నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళూ ఒలింపిక్స్ గేటు బయటే ఉండిపోయారు. అందుకే మా షీటులో లేరు. స్విట్జర్లాండులో ఒక కమిటీ కూర్చుని ఏ ఆట ఉండాలో తేలుస్తుంది. కానూరులో పుట్టినవాడు ఆ కమిటీ కళ్ళతో పక్కవీధి పిల్లని చూస్తాడు.

ఇంత గట్టిగా అరుస్తున్నానని నేనేదో మొదట్నించీ గొప్ప అభిమానిననుకోకండి. కానూరు వాణ్ణి తిట్టేశా గానీ, అంతకంటే ఘోరం నేను చేశా. అదీ చెప్పేస్తా.

మా బాబాయికి కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. పిల్లల చదువుల కోసం కాపురం విజయవాడ పటమటలో పెట్టారు. వాళ్ళ అమ్మాయి, అంటే నాకు చెల్లి, ఏడో తరగతిలో విలువిద్యలో చేరింది. కాంపౌండే. వోల్గా ఆర్చరీ అకాడెమీ పుణ్యమా అని అప్పటికే విజయవాడలో విల్లు పట్టుకున్న పిల్లలు కనిపిస్తే ఎవరూ వింతగా చూసేవాళ్ళు కాదు. (ఆ అకాడెమీ చెరుకూరి సత్యనారాయణగారిది. కూతురు వోల్గాని 2004లో, కొడుకు లెనిన్‌ని 2010లో రోడ్డు ప్రమాదాల్లో పోగొట్టుకుని కూడా పిల్లలకి నేర్పుతూనే ఉన్నారు. మా కోచ్ ట్యాబులో ఆయన పేరూ లేదు. నాకూ అప్పుడు తట్టలేదు.) పోటీకి పనికొచ్చే కాంపౌండ్ సెట్టంటే లక్షల్లో మాట. ఒక ఏడాది చేపలకి మంచి ధర వస్తే బాబాయి కొనిచ్చాడు. చెల్లి రాష్ట్రస్థాయి పోటీల దాకా వెళ్ళింది.

2019లో పదో తరగతి అయిపోయింది. ఇంటర్‌లో చేర్చాలనుకున్న రెసిడెన్షియల్ కాలేజీ వాళ్ళు ఆటకి సెలవులు కుదరవన్నారు. అక్కడ గ్రౌండు లేదు, డాబా మీద గ్రిల్సు మాత్రం ఉన్నాయి. బాబాయికి మనసొప్పలేదు. నాకు ఫోన్ చేశాడు. ఇంట్లో మొదటి సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని కదా, అన్నిటికీ నన్నే అడుగుతారు. "ఏరా, దీంట్లో భవిష్యత్తు ఉందంటావా? చదివినవాడివి, నువ్వు చెప్పు."

నేను గూగుల్ తెరిచి ఐదు నిమిషాలు వెతికా. ఒలింపిక్స్, కాంపౌండ్. లేదు. "అది ఒలింపిక్స్‌లో లేదు బాబాయ్. ఎంత ఆడినా ఎవరికీ తెలియదు. ఇంటర్ చేర్పించు" అన్నా. ఐదు నిమిషాల్లో తేల్చేశా. ఒక చిన్న లైబ్రరీ వెర్షను మార్చాలంటే రెండు రోజులు డిజైన్ డాక్యుమెంటు రాసే మనిషిని.

సురేఖ అప్పటికే ఆసియా క్రీడల వెండి, ప్రపంచ ఛాంపియన్‌షిప్పు వెండి తెచ్చేసింది. మా ఊళ్ళోనే ఉంది. నాలుగేళ్ళ వయసులో కృష్ణలో ఈది లిమ్కా రికార్డుల్లోకెక్కిన పిల్ల, కె.ఎల్. యూనివర్సిటీలో మనలాగే ఇంజనీరింగ్ చదివిన పిల్ల. అంటే రెండూ కుదురుతాయని నిరూపణ కళ్ళముందే ఉంది. నేను అది చూడలేదు, కమిటీ లిస్టు చూశా.

2025 ఏప్రిల్లో ఆ కమిటీ కాంపౌండ్ మిక్స్‌డ్ జట్టు పోటీని 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో చేర్చింది. వార్త చూసిన రోజు చెల్లికి ఫోన్ చేశా. బీటెక్ చదువుతోంది, కోడింగ్ పరీక్షలో ఉన్నట్టుంది, ఎత్తలేదు. రాత్రి మెసేజి వచ్చింది. "చూశా అన్నయ్యా. విల్లు అటక మీదే ఉంది. స్ట్రింగు పోయుంటుంది." అంతే. తిట్టలేదు. తిడితే బావుండేది.

అందుకే మా షీటు నాకు సరదా విషయం కాదు. ఇలాంటి షీట్లు నింపేవాళ్ళే రేపు బాబాయిలకి సలహాలు చెప్తారు.

ఓటింగు ఈ శుక్రవారం దాకా తెరిచే ఉంది. ఇది రాసే సమయానికి ప్లేయరు ట్యాబులో వార్నర్ 4, సింధు 4, సిరాజ్ 2, సురేఖ 2. హంపికి సున్నా. నా దగ్గర ఉన్నది ఒక్క ఓటే, ఏం చెయ్యను. సురేఖకి వచ్చిన రెండింట్లో ఒకటి నాది. రెండోది ఎవరిదా అని షీటు హిస్టరీ తెరిచి చూశా. కానూరు వాడిది.